పాత రంగు మీద మళ్లీ ప్రైమర్ వేయాలా?

ఇంటిపని: మా గోడలకు పాత ఎమల్షన్ (నీటి రంగు), తలుపులకు నిగనిగలాడే ఎనామిల్ (ఆయిల్ రంగు) ఉన్నాయి. ఇప్పుడు రెండింటికీ నీటితో కలిపే రంగే వేద్దామనుకుంటున్నాను. ఒక పెయింటరేమో అన్నిటికీ ప్రైమర్ (రంగుకి ముందు వేసే ఆధారపు కోటు) కొట్టాల్సిందే అంటున్నారు. ఇంకొకరు రెండు కోట్ల రంగు చాలంటున్నారు. ఎవరి మాట వినాలి?

తెల్లగోడ: ప్రైమర్ లేకుండా వేయకండి. రంగుకి పట్టు ఉంటుంది, ఒకే తీరుగా కనిపిస్తుంది.

చెక్కపని: తెల్లగోడ గారూ, గోడల విషయంలో నేను ఒప్పుకోను. పాత ఎమల్షన్ గట్టిగా ఉంటే కొత్తదానికి అదే ఆధారం. అరచేత్తో రుద్ది చూడండి. సుద్దపొడి అంటకపోతే, పెచ్చులు లేవకపోతే, దుమ్ము తుడిచి నేరుగా రంగు వేసుకోవచ్చు. లప్పం పెట్టిన చోట మాత్రం ప్రైమర్ తప్పదు. లప్పం తడిని గబగబా పీల్చేస్తుంది కాబట్టి, లైటు పక్కనుంచి పడితే ఆ చోటు వెలిసిపోయినట్టు కనిపిస్తుంది. అక్కడి వరకు రాస్తే చాలు.

తలుపులకు నేనూ ప్రైమరే అంటాను. కానీ అంతకంటే ముఖ్యం రుద్దడం. మెరుపు పోకుండా నీటి రంగు వేస్తే, ఆరాక గోరుతో గీకినా పొరలా లేచొస్తుంది. 180 నంబరు ఎమరీ పేపర్‌తో మెరుపంతా పోయేదాకా రుద్ది, పొడి తుడిచి, నున్నటి పొరకి కూడా గట్టిగా అంటుకునే బాండింగ్ ప్రైమర్ ఒక కోటు వేయండి. చాలా పాత రంగైతే అందులో సీసం ఉండొచ్చు, పొడిగా అసలు రుద్దకండి. తలుపు అడుగు అంచుని కూడా దయచేసి వదలొద్దు. ఎవరికీ కనపడదని అందరూ వదిలేస్తారు, చెక్క తడి పీల్చి ఉబ్బేది అక్కడే.

తెల్లగోడ: ముదురు రంగు మీద లేత రంగు వేసేటప్పుడైనా గోడంతా ప్రైమర్ కావాలి కదా? కొత్త ప్లాస్టరింగ్‌కి కూడా వద్దంటారా?

చెక్కపని: ముదురు రంగు సంగతి నిజమే, అక్కడ ప్రైమర్ వేస్తే ఒక కోటు రంగు మిగులుతుంది. కొత్త సిమెంట్ గోడకైతే తప్పనిసరి, కానీ కనీసం 28 రోజులు ఆరనివ్వాలి. అందులో క్షారం చాలా ఎక్కువ. ఆయిల్ ప్రైమర్ కొడితే ఆ క్షారం నూనెను సబ్బులా మార్చి పొరను ఊడగొడుతుంది. క్షారాన్ని తట్టుకునే వాటర్ ప్రైమరే వాడాలి. అనుమానముంటే ఒక ప్లాస్టిక్ షీటు ముక్కని నాలుగు వైపులా టేపుతో గోడకు అంటించి మర్నాడు చూడండి. లోపల చెమ్మ పడితే ఇంకా ఆగాల్సిందే.

ఇంటిపని: ఒక తలుపుకి చెక్క ముడి దగ్గర పసుపు మరక తేలుతోంది. దానికీ ఇదే ప్రైమరా?

చెక్కపని: కాదండి. అది ముడిలోంచి ఊరే జిగురు, వాటర్ ప్రైమర్‌కి ఆగదు. ఆ చోట రంగు గీకేసి, లక్కతో చేసే షెల్లాక్ ప్రైమర్ రాయండి.