ప్రొఫినెట్ ఎన్‌కోడర్ షిఫ్ట్‌కి ఒకసారి సరిగ్గా 40 డిగ్రీలు తప్పుతోంది, కారణం దొరకడం లేదు

రాత్రిషిఫ్ట్:

నేను చూసే మెషిన్లలో ఎనిమిది స్టేషన్ల రోటరీ టేబుల్ ఒకటి ఉంది. అది ఎంత తిరిగిందో కొలిచే పాత పల్స్ ఎన్‌కోడర్ తీసేసి, ప్రొఫినెట్ (ఫ్యాక్టరీ మెషిన్ల నెట్‌వర్క్) మీద విలువ పంపే ఎన్‌కోడర్ పెట్టి మూడు వారాలైంది. పాతదానితో కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ హోమింగ్ (సున్నా స్థానం మళ్ళీ వెతకడం) చేయాల్సి వచ్చేది. ఆ బాధ పోతుందని అబ్సొల్యూట్ మల్టీటర్న్ (కరెంటు పోయినా ఎన్నో చుట్టులో ఎక్కడుందో చెప్పేది) తీసుకున్నాం. ఇప్పుడు ఇంకో బాధ పట్టుకుంది.

మెషిన్ ఆగకుండా నడిస్తే ఏడున్నర, ఎనిమిది గంటలకోసారి టేబుల్ తన స్టేషన్ దగ్గర ఆగకుండా దాటిపోతోంది. 45 డిగ్రీలు తిరగాల్సింది 85 తిరుగుతోంది. గ్రిప్పర్ దిగేసరికి కింద పార్ట్ ఉండదు. మొన్న ఫిక్స్‌చర్ అంచుకు తగిలి గ్రిప్పర్ వేళ్ళు వంగిపోయాయి. గార్డ్ తలుపు మూసి ఉంది కాబట్టి ఎవరికీ దెబ్బ తగల్లేదు. అయినా ఆ చప్పుడు విన్నప్పటి నుంచి ఆ మెషిన్ పక్కన నిలబడాలంటే నాకు టెన్షన్‌గానే ఉంది.

ఎన్‌కోడర్ 25 బిట్లది: ఒక చుట్టుకు 8,192 స్టెప్పులు, మొత్తం 4,096 చుట్లు. టేబుల్ కింద ఉన్న పెద్ద పళ్ళ చక్రానికి 162 పళ్ళు, దానితో కలిసే చిన్న చక్రం పినియన్‌కి 18. అంటే 9:1. ఎన్‌కోడర్ పినియన్ షాఫ్ట్ మీద ఉంది. టేబుల్ ఎప్పుడూ ఒకే దిక్కుకు తిరుగుతుంది, నిమిషానికి ఒక చుట్టు.

జీఎస్‌డీ ఫైల్ (ఎన్‌కోడర్ వివరాలుండే ఫైల్) ఎక్కించి, డివైస్ పేరు ఇచ్చి, టెలిగ్రామ్ 81 (డేటా పంపుకునే ఒక అమరిక) పెట్టాను. స్కేలింగ్‌లో ఒక చుట్టుకు 4,000 యూనిట్లు, టోటల్ రేంజ్ 36,000. అలా అయితే టేబుల్ ఒక చుట్టు తిరిగేసరికి 0 నుంచి 35,999 వరకు వస్తుంది, ఒక యూనిట్ అంటే 0.01 డిగ్రీ, ప్రోగ్రామ్ చదవడానికి సులువు అనుకున్నాను. ప్రీసెట్ (ఉన్న చోటికి మనం చెప్పిన విలువ ఇవ్వడం) కూడా పనిచేస్తోంది. తప్పిన ప్రతిసారీ జాగ్‌లో (బటన్ నొక్కి కొంచెం కొంచెంగా) వెనక్కి తిప్పి, పిన్ను పెట్టి సరిచూసి ప్రీసెట్ కొడితే మళ్ళీ ఏడు గంటలు బాగానే నడుస్తోంది. డయాగ్నస్టిక్స్‌లో ఒక్క ఎర్రర్ కూడా లేదు.

ఎన్‌కోడర్ పాడైందా? వెనక్కి పంపేముందు ఇంకేం చూడాలి?

ప్యానెల్‌వైర్:

ముందు కేబుల్ దారి చూడండి. డ్రైవ్ నుంచి మోటర్‌కి వెళ్ళే కేబుల్‌తో కలిపి ఒకే ట్రేలో లాగారా? ఎమ్12 కనెక్టర్ దగ్గర షీల్డ్ చుట్టూతా పట్టుకుని ఉండాలి, తోకలా మెలితిప్పి ఒక స్క్రూ కింద పెడితే లాభం లేదు. ఎన్‌కోడర్ బాడీ మెషిన్ ఫ్రేమ్‌కి ఎర్త్ అయిందో లేదో మీటర్ పెట్టి చూడండి. నేను చూసిన ఎన్‌కోడర్ గొడవల్లో చాలావరకు నాయిస్ వల్ల వచ్చినవే.

గేర్‌పని:

కప్లింగ్ చూశారా? గ్రబ్ స్క్రూ వదులైతే షాఫ్ట్ మీద జారుతుంది. షాఫ్ట్‌నీ కప్లింగ్‌నీ కలుపుతూ పెయింట్ పెన్‌తో ఒక గీత గీయండి, మళ్ళీ తప్పినప్పుడు ఆ గీత విరిగిందో లేదో తెలుస్తుంది.

అయితే ఒక మాట. జారుడైతే ఒకసారి 3 డిగ్రీలు, ఒకసారి 11 డిగ్రీలు అలా ఉంటుంది. మీకు ప్రతిసారీ 40 అంటున్నారు. 162 పళ్ళలో ఒక పన్ను అంటే టేబుల్ మీద 2.22 డిగ్రీలు. 40 డిగ్రీలంటే 18 పళ్ళు, అంటే సరిగ్గా పినియన్ ఒక పూర్తి చుట్టు. పన్ను ఎగిరితే ఒకటో రెండో ఎగురుతుంది కానీ లెక్కపెట్టి 18 ఎగరదు. నాకు ఇది మెకానికల్‌గా అనిపించడం లేదు.

రాత్రిషిఫ్ట్:

ఇద్దరికీ ధన్యవాదాలు. పెయింట్ గీత రెండో వారంలోనే గీశాం, చెక్కుచెదరలేదు. నెట్‌వర్క్ కేబుల్ వేరే ట్రేలో ఉంది, షీల్డ్ ఈ రోజు మళ్ళీ విప్పి చూశాను, బాగుంది. 40 అంటే పినియన్ ఒక చుట్టు అన్న సంగతి నాకు తట్టలేదు.

ఇంకో వివరం. టేబుల్ ఎన్నిసార్లు ఇండెక్స్ అయిందో (ఒక స్టేషన్ ముందుకు జరిగిందో) లెక్కపెట్టే కౌంటర్ మెషిన్‌ని నడిపే కంట్రోలర్‌లో, అంటే పీఎల్‌సీలో ఉంది. ఒక తప్పుకీ ఇంకో తప్పుకీ మధ్య తేడా తీశాను: 3,641, 3,641, 3,640, 3,641. మధ్యలో పవర్ ఆపినా, ప్రీసెట్ ఎప్పుడు కొట్టినా ఈ అంకె మారడం లేదు.

మూడోలెక్క:

ఎన్‌కోడర్ వెనక్కి పంపకండి. అది బాగానే ఉంది. మీ కౌంటర్ అంకెలోనే జవాబు ఉంది.

3,641 ఇండెక్స్‌లు, ఎనిమిదికి ఒక టేబుల్ చుట్టు, ఒక టేబుల్ చుట్టుకు తొమ్మిది ఎన్‌కోడర్ చుట్లు. 3,641ని 9తో హెచ్చించి 8తో భాగించండి. 4,096.1 వస్తుంది. అదే 3,640తో చేస్తే 4,095. అంటే మీ ఎన్‌కోడర్ తన 4,096 చుట్లూ పూర్తిచేసుకుని లోపల సున్నాకి వచ్చిన క్షణంలోనే టేబుల్ తప్పుతోంది. నిమిషానికి తొమ్మిది చుట్ల చొప్పున 4,096 చుట్లకు 455 నిమిషాలు. మీరు చెప్పిన ఏడున్నర గంటలు అవే.

ఎందుకు తప్పుతుందంటే, 4,096 తొమ్మిదితో భాగం పోదు. 455 తొమ్మిదులు 4,095, ఒకటి మిగులుతుంది. మీరు టోటల్ రేంజ్ 36,000 అన్నారు, అంటే ప్రతి తొమ్మిది చుట్లకూ మళ్ళీ సున్నా నుంచి మొదలుపెట్టమని. ఎన్‌కోడర్ అలా 455 సార్లు పెట్టింది. 456వ సారి మొదటి చుట్టు తిరిగేసరికి లోపలి లెక్క అయిపోయింది, అది కూడా సున్నాకి వచ్చింది. రెండో చుట్టులోకి వెళ్ళాల్సిన విలువ మళ్ళీ మొదటి చుట్టు మొదటికి పడిపోయింది. పీఎల్‌సీకి టేబుల్ 40 డిగ్రీలు వెనక ఉన్నట్టు కనిపించింది, పాపం అది ఇంకో 40 తిప్పింది. ప్రీసెట్ అంటే బయటికిచ్చే విలువకు ఒక ఆఫ్‌సెట్ కలపడమే, లోపలి డిస్క్‌ని అది కదిలించదు. మీరు ఎప్పుడు ప్రీసెట్ కొట్టినా ఆ అంకె మారకపోవడానికి కారణం ఇదే.

నాయిస్ గురించి కూడా చెప్పాలి. పల్స్ ఎన్‌కోడర్‌లో నాయిస్ వస్తే అది ఒక పల్స్‌లా కనిపించి లెక్కలో కలిసిపోతుంది, కాబట్టి అక్కడ ముందు కేబుల్‌నే అనుమానించాలి. నెట్‌వర్క్ ఎన్‌కోడర్‌లో విలువ ఫ్రేమ్‌లో (డేటా పొట్లంలో) వస్తుంది, దాని చివర అది చెడిందో లేదో పట్టే చెక్‌సమ్ ఉంటుంది. ఫ్రేమ్ చెడితే దాన్ని పారేస్తారు. అలాంటివి వరుసగా వస్తే డివైస్ తెగిపోయిందని పీఎల్‌సీ అలారం ఇస్తుంది. చక్కగా గుండ్రంగా 40 డిగ్రీలు తప్పిన విలువ నాయిస్ వల్ల రాదు. అలారం లేకుండా ప్రతిసారీ ఒకే అంకె తప్పితే, ముందు స్కేలింగ్ పేజీ తెరవాలి.

ఇంత గట్టిగా చెబుతున్నానంటే, నేను ఇదే తప్పు 5:1 ఉన్న ఒక డ్రమ్ మీద చేశాను. అక్కడ 72 డిగ్రీలు తప్పేది. ఫిట్టర్‌తో మూడు రాత్రులు కప్లింగ్ విప్పించి బిగించాను. తప్పు ఆయన పనిలో లేదు, నేను నింపిన పారామీటర్‌లో ఉంది. తర్వాత వెళ్ళి ఆయనకు ఆ మాట చెప్పాను.

ఇప్పుడు ఏం చేయాలి? టోటల్ రేంజ్‌ని ఒక చుట్టు యూనిట్లతో భాగిస్తే 1, 2, 4, 8, 16 ఇలా రెట్టింపుల వరుసలోని అంకె రావాలి. మీ గేర్ 8:1 అయి ఉంటే ఈ సమస్య మీకు ఎప్పటికీ తెలిసేది కాదు. కొన్ని ఎన్‌కోడర్లలో ఎలాంటి నిష్పత్తినైనా మోసే అంతులేని తిరుగుడు సదుపాయం ఉంటుంది, మీ మాన్యువల్‌లో ఉందేమో చూడండి. దానికీ ఒక షరతు ఉంటుంది: పవర్ లేనప్పుడు షాఫ్ట్ ఎంతవరకు తిరగవచ్చో హద్దు రాసి ఉంటుంది.

నేనైతే స్కేలింగ్ పూర్తిగా ఆపేస్తాను. ఎన్‌కోడర్ తన 25 బిట్ల విలువను ఉన్నదున్నట్టు ఇవ్వనీయండి, లెక్క పీఎల్‌సీలో చేయండి. టేబుల్ ఒక చుట్టుకు 9 × 8,192 = 73,728. ఒక స్టేషన్‌కి 9,216, శేషం లేకుండా వస్తుంది. ప్రతి సైకిల్‌లో కొత్త విలువ నుంచి పాత విలువ తీసేయండి. తేడా 16,777,216 దాటితే అందులోంచి 33,554,432 తీసేయండి, అంతకన్నా ఎక్కువగా మైనస్‌లోకి పోతే 33,554,432 కలపండి. ఆ తేడాను టేబుల్ స్థానానికి కలిపి 73,728తో మాడ్ చేయండి (భాగించి శేషం తీసుకోండి). మైనస్ అంకెను మాడ్ చేస్తే పీఎల్‌సీ మైనస్ శేషమే ఇస్తుంది, అప్పుడు 73,728 కలపాలి. పాత విలువ, టేబుల్ స్థానం రెండూ పవర్ పోయినా నిలిచే మెమరీలో ఉండాలి. కరెంటు లేనప్పుడు ఎవరైనా టేబుల్ తిప్పినా, 2,048 ఎన్‌కోడర్ చుట్లు దాటనంతవరకు మొదటి సైకిల్‌లోనే సరైన చోటు వచ్చేస్తుంది.

అన్నిటికన్నా మంచిది, వీలైతే ఎన్‌కోడర్‌ని టేబుల్ ఇరుసు మీదే పెట్టడం. సింగిల్‌టర్న్ చాలు, ఈ లెక్కలేవీ ఉండవు, పళ్ళ మధ్య సందు కూడా కొలతలోకి రాదు. కానీ టేబుల్ కింద చోటు ఉండాలి కదా.

ప్యానెల్‌వైర్:

నేను పల్స్ ఎన్‌కోడర్ల అలవాటుతో చెప్పాను, చెక్‌సమ్ మాట నిజమే. మూడోలెక్క గారు చెప్పినదానికి రెండు కలుపుతాను.

ఒకటి, ఆ తేడా లెక్కను డివైస్ బాగున్నప్పుడే నడపండి. కేబుల్ ఊడితే చాలా పీఎల్‌సీల్లో ఇన్‌పుట్ సున్నా అయిపోతుంది. ఆ సున్నాను నిజమనుకుని మీ ప్రోగ్రామ్ టేబుల్ స్థానాన్ని ఎక్కడికో తీసుకుపోతుంది. డివైస్ లేనప్పుడు పాత విలువను ముట్టుకోకుండా ఆపేసి, తిరిగి వచ్చాక అక్కడి నుంచి తేడా తీయాలి. ఎన్‌కోడర్ స్టేటస్ వర్డ్‌లో ఎర్రర్ బిట్ ఉన్నప్పుడూ అంతే.

రెండు, ముడి విలువను రియల్‌లోకి (దశాంశ అంకెల రకంలోకి) మార్చి తేడా తీయకండి. 32 బిట్ల రియల్ 16,777,216 వరకే ప్రతి అంకెనూ పట్టుకోగలదు. ఆపైన సరి అంకెలే ఉంటాయి. మీ ఎన్‌కోడర్ దానికి రెట్టింపు వరకు లెక్కపెడుతుంది. తేడా, మాడ్ అన్నీ డబుల్ ఇంటీజర్‌లో (32 బిట్ల పూర్ణాంకంలో) చేసి, చివర్లో డిగ్రీలు చూపించడానికి మాత్రం రియల్ వాడండి.

గేర్‌పని:

ప్రీసెట్ కొట్టేటప్పుడు టేబుల్ పూర్తిగా ఆగి ఉండాలి, పిన్ను లోపల ఉండాలి. దయచేసి ఆటోమేటిక్‌గా ప్రతి చుట్టుకూ ప్రీసెట్ కొట్టి ఈ తప్పును కప్పిపుచ్చకండి. ఒక మెషిన్‌లో అలా చేసింది చూశాను. కప్లింగ్ నిజంగా జారిన రోజున ఆ ప్రీసెట్ దాన్ని కూడా దాచేసింది.

రాత్రిషిఫ్ట్:

నాలుగు రోజులైంది, ఏమైందో రాస్తాను.

ఆ 4,096 చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు మెషిన్ ఆపించి స్కేలింగ్ తీసేశాను. స్కేలింగ్ మార్చాక పాత ప్రీసెట్‌కి అర్థం ఉండదు కాబట్టి మళ్ళీ కొట్టాలి. కొట్టినా ఎన్‌కోడర్ తీసుకోలేదు, అరగంట వెతికాను. కొత్త ప్రోగ్రామ్ రాసేటప్పుడు ఎస్‌టీడబ్ల్యూ2 అనే కంట్రోల్ వర్డ్‌లో బిట్ 10 పెట్టడం మర్చిపోయాను. అది 1 కాకపోతే పీఎల్‌సీ ఇచ్చే కంట్రోల్ వర్డ్‌ని ఎన్‌కోడర్ పట్టించుకోదు. అది పెట్టాక, ఇంకో కంట్రోల్ వర్డ్ జీ1_ఎస్‌టీడబ్ల్యూలో ప్రీసెట్ అడిగే బిట్ 12 ఇవ్వగానే తీసుకుంది.

మళ్ళీ ఏడున్నర గంటలు ఊరికే వేచి చూడకుండా, ముడి విలువ చూసి 33,554,432కి ఇంకెంత దూరం ఉందో లెక్కవేశాను. ఆ సమయానికి మెషిన్‌ని నెమ్మదిగా నడుపుతూ, గ్రిప్పర్ పైనే ఉంచి, స్క్రీన్ ముందు నిలబడ్డాను. విలువ మూడు కోట్ల ముప్పై ఐదు లక్షలు దాటి సున్నాకి పడింది. టేబుల్ 45 డిగ్రీల దగ్గరే ఆగింది. మా ఫిట్టర్ పిన్ను దించి చూశాడు, నేరుగా దిగింది.

తర్వాత పవర్ ఆపి, చేత్తో మూడు స్టేషన్లు తిప్పి, మళ్ళీ ఆన్ చేశాం. సరైన స్టేషన్ చూపించింది. నెట్‌వర్క్ కేబుల్ పీకి చూశాం, టేబుల్ ఆగింది, పెట్టాక స్థానం మారలేదు. ఈ రోజు పొద్దునకు కౌంటర్ 11,000 దాటింది, ఒక్కసారి కూడా తప్పలేదు.

ఎన్‌కోడర్ మారిస్తే డివైస్ పేరు ఇవ్వాలని, పిన్ను పెట్టి ప్రీసెట్ కొట్టాలని, స్కేలింగ్ ఆన్ చేయకూడదని, 9:1 ఎందుకు కుదరదో ఆ లెక్కతో సహా ఒక కాగితం మీద రాసి ప్యానెల్ తలుపు లోపల అంటించాను.