ఓర్లాండోకి ఒంటరిగా: కెన్నెడీ స్పేస్ సెంటర్, డిస్నీ. వెళ్లినవాళ్లు చెప్పండి

సూళ్లూరుపేట టీచర్:
అందరికీ నమస్కారం. రిటైరైన ఫిజిక్స్ టీచర్‌ని, వయసు 61. అమెరికాలో, షార్లెట్‌లో మా అబ్బాయి దగ్గరికొచ్చి మూడు నెలలైంది. వాడికీ కోడలికీ లీవు దొరకడం లేదు. "వచ్చే ఏడాది అందరం పోదాంలేమ్మా" అంటాడు. పోయినసారి వచ్చినప్పుడూ ఇదే మాట. అందుకని ఐదు రోజులకి ఫ్లోరిడాలోని ఓర్లాండోకి టికెట్ నేనే తీసేసుకున్నా. సర్వీసంతా శ్రీహరికోట రాకెట్లు చూస్తూ గడిచింది, ఇక్కడిదాకా వచ్చి నాసా వాళ్ల కెన్నెడీ సెంటర్ చూడకుండా పోతే మనసొప్పదు. డిస్నీ పార్కులు కూడా ఒకటో రెండో. కారు నడపడం రాదు. బీపీకి మాత్ర వేసుకుంటా. శాకాహారిని. ఒంటరిగా తిరిగినవాళ్లు మీ అనుభవం రాయండి. "ఈ వయసులో ఎందుకమ్మా" అనేవాళ్లు ఇంట్లోనే ఇద్దరున్నారు, కొత్తవాళ్లు అక్కర్లేదు.

ఓర్లాండో బాబాయ్:
టీచర్ గారూ, పదకొండేళ్లుగా ఈ ఊళ్లోనే ఉంటున్నా. మొదటి సంగతి, కెన్నెడీ సెంటర్ ఓర్లాండోలో లేదు. సముద్రం వైపు మెరిట్ ఐలాండ్ మీద ఉంది. ఇంటర్నేషనల్ డ్రైవ్ హోటళ్ల నుంచి కారులో దాదాపు గంట. సిటీ బస్సు నమ్ముకోవద్దు. ఊబర్‌లో వెళ్లడం తేలికే, సాయంత్రం తిరిగి రావడానికి బండి దొరకడమే కష్టం. హోటల్ దగ్గర ఎక్కించుకుని మళ్లీ దింపే టూర్ వ్యాన్లు ఉంటాయి, అదే మేలు. బుక్ చేసేముందు తిరుగు ప్రయాణం ఎన్నింటికో అడగండి.

లోపలికి వెళ్లగానే అందరూ అట్లాంటిస్ స్పేస్ షటిల్ వైపు పరుగెడతారు. మీరు ముందు బస్ టూర్ ఎక్కేయండి. చంద్రుడి మీదికి మనుషుల్ని పంపిన సాటర్న్ 5 రాకెట్ ఉన్న భవనానికి ఆ బస్సులోనే వెళ్లాలి, మధ్యాహ్నానికి క్యూ పెరుగుతుంది. దారిలో రాకెట్లను నిలబెట్టి బిగించే భవనం కనిపిస్తుంది, ఎత్తు 525 అడుగులు. దాని మీది జెండాలో ఒక్కో నక్షత్రం ఆరడుగులు. దూరం నుంచి చూస్తే నమ్మబుద్ధి కాదు.

మీరుండే రోజుల్లో రాకెట్ లాంచ్ ఉందేమో చూసుకోండి, కానీ లాంచ్‌ని నమ్ముకుని ప్లాన్ వేయొద్దు. మన వ్యోమగామి రాజా చారి అంతరిక్షానికి వెళ్లిన క్రూ-3 యాత్రకి ముందు అనుకున్నది 2021 అక్టోబరు 31. వాయిదాల మీద వాయిదాలు పడి నవంబరు 10 రాత్రి లేచింది. ఆయన నాన్నగారు ఉస్మానియాలో చదివిన మనిషి కదా, మనింటి పిల్లాడు పోతున్నట్టే అనిపించింది. మా ఆవిడ ఫ్లాస్కులో టీ పోసిచ్చింది, టైటస్‌విల్‌లో నది ఒడ్డున నిలబడి చూశా.

కరీంనగర్ పోరడు:
ఆంటీ, నేను పోయినేడు ఒక్కన్నే పోయిన. దోస్తులు ఆఖరి నిమిషంల హ్యాండిచ్చిన్రు. మొదటి గంట మస్తు పరేషానయింది, ఎటు చూసినా ఫ్యామిలీలే. తర్వాత సింగిల్ రైడర్ లైన్ సంగతి తెల్సింది. గుంపులు కూసున్నంక ఒక్క సీటు మిగుల్తది గదా, దాంట్ల నింపనీకి ఒంటరిగ వచ్చినోళ్లకు వేరే లైన్ పెడ్తరు. అన్ని రైడ్లకు ఉండది. డిస్నీ వాళ్ల యానిమల్ కింగ్‌డమ్ పార్కుల ఎవరెస్ట్ రైడుకు బోర్డు మీద గంట అని ఉంటే నేను పదిహేను నిమిషాల్ల ఎక్కి దిగిన. మల్ల ఎక్కిన.

యూనివర్సల్ అని ఇంకో పార్కుంది, అటు పోతే హల్క్ రోలర్ కోస్టర్ ఎక్కెముందు ఫోను, తాళాలు, చిల్లర అన్ని లాకర్ల పెట్టాలె. మెటల్ డిటెక్టర్‌తోని చూస్తరు. మీరు ఆ దిక్కు పోకున్నా నష్టం లేదు.

ఎప్‌కాట్ అనే డిస్నీ పార్కుల మిషన్ స్పేస్ అని రైడు ఉంటది. ఆరెంజ్ దిక్కు అస్సలు ఎక్కకుండ్రి. నిజం సెంట్రిఫ్యూజ్ అది, గిర్రున తిప్పుతది. వాంతుల కవర్లు ముందే పెట్టి ఉంచుతరు. గ్రీన్ దిక్కు తిప్పుడు ఉండది.

సూళ్లూరుపేట టీచర్:
బాబూ, ముప్పై ఏళ్లు అపకేంద్ర బలం పాఠం చెప్పినదాన్ని, సెంట్రిఫ్యూజ్ ఎక్కకుండా ఎలా ఉంటాను? ... సరే, బీపీ. గ్రీనే.

మందుల డబ్బా:
నర్సుగా చేస్తున్నా, కాబట్టి ఇంట్లో ఆ ఇద్దరికీ నేను మూడోదాన్ని అనుకోండి. విజిటర్ ఇన్సూరెన్స్ కార్డు, పాస్‌పోర్టు, ఐ-94 (అమెరికాలోకి వచ్చినట్టు రికార్డు) ప్రింటు దగ్గర పెట్టుకోండి. మాత్రలు హోటల్ గదిలో కాదు, చేతి సంచిలో ఉండాలి. రోజుకి పది కిలోమీటర్ల పైనే నడుస్తారు, కొత్త బూట్లు వేసుకుని పోవద్దు. వేసవైతే మధ్యాహ్నం ఉరుములతో వాన దాదాపు రోజూ ఉంటుంది, మెరుపులుంటే బయటి రైడ్లు ఆపేస్తారు. ఆ టైమ్‌కి ఏసీ ఉన్నచోట కూర్చునేలా చూసుకోండి. డిస్నీలో ఫాస్ట్‌ఫుడ్ కౌంటర్లలో అడిగితే ఐసు నీళ్లు ఉచితంగా ఇస్తారు.

గోంగూర:
డిస్నీ పార్కుల్లోకి మన తిండి తీసుకెళ్లొచ్చు, గాజు సీసాలు మాత్రం కుదరవు. నేను పులిహోర డబ్బాతో మేజిక్ కింగ్‌డమ్ గేటు దాటిన మనిషిని. సంచి తనిఖీ చేసినాయన మూత తీసి, వాసన చూసి, నవ్వి పంపాడు.

హ్యూస్టన్ హనుమంతు:
అందరూ ఫ్లోరిడా అంటారుగానీ సాటర్న్ 5 మా హ్యూస్టన్‌లోనూ ఉంది. మిగిలినవి మూడే, మూడోది అలబామా హంట్స్‌విల్‌లో. మాదొక్కదాంట్లోనే అన్ని భాగాలూ ఎగరడానికని చేసినవి.

ఓర్లాండో బాబాయ్:
మరి మీ దగ్గర రాకెట్ లేస్తుందా హనుమంతు గారూ?

హ్యూస్టన్ హనుమంతు:
అదొక్కటి అడక్కండి.

మొగలిరేకు:
నాదొక మాట. నేను విడాకుల తర్వాత ఒక్కదాన్నే వెళ్లా. పగలంతా హాయిగా గడిచింది, ఎవరి కోసమూ ఆగక్కర్లేదు, ఎవరి ఆకలీ చూడక్కర్లేదు. కోట ముందు రాత్రి బాణసంచా వెలిగినప్పుడు మాత్రం పక్కన ఎవరూ లేరని తెలిసింది. తర్వాతి రోజు బాణసంచా మొదలవకముందే బయటపడి ఫెర్రీ ఎక్కా. నీళ్ల మీద నుంచి దూరంగా కనిపించింది. అలా బాగుంది. ఒంటరిగా వెళ్లేవాళ్లకి ఇది ఎవరూ చెప్పరు.

సూళ్లూరుపేట టీచర్:
వెళ్లొచ్చాను. మోకాళ్లు తప్ప అన్నీ బాగున్నాయి.

బాబాయ్ గారు చెప్పినట్టు ముందు బస్సే ఎక్కా. తలుపులు తెరుచుకోగానే ఎదురుగా సాటర్న్ 5 అడుగుభాగం, ఐదు ఇంజన్లు. ఒక్కో నాజిల్‌లో మా పాత ఇంటి వంటగది పడుతుంది. 363 అడుగుల రాకెట్‌ని పడుకోబెట్టారు. తోక నుంచి ముక్కుదాకా నడిచా, మళ్లీ వెనక్కి నడిచా. ఎవరైనా వెంట ఉంటే "ఇంక పద" అనేవాళ్లు. చంద్రుడి రాయి ఒకటి ముట్టుకోనిస్తారు. వేల వేళ్లు తగిలి నున్నగా అయిపోయింది, మన గుడి గడపల్లాగా.

అట్లాంటిస్‌ని సరిగ్గా 43.21 డిగ్రీలు వాల్చి పెట్టారట, నాలుగు, మూడు, రెండు, ఒకటి. ఈ చిలిపితనం ఎవరిదోగానీ మార్కులు వేశా. 33 సార్లు పైకెళ్లొచ్చిన ఓడ, పొట్ట కింద పలకల మీద కాలిన మరకలు అలాగే ఉన్నాయి.

దాని కింది అంతస్తులో చాలెంజర్, కొలంబియా షటిల్ ప్రమాదాల్లో పోయినవాళ్ల స్మారకం ఉంది. అక్కడ ఇంత సేపు ఉంటానని అనుకోలేదు. ఒక్కొక్కరికీ ఒక అద్దాల అర, అందులో వాళ్ల వస్తువులు. కల్పనా చావ్లా పేరు చదివి నిలబడిపోయా. 2003 ఫిబ్రవరి 1 శనివారం. సోమవారం ప్రేయర్‌లో పిల్లలకి చెప్పాల్సింది నేనే. రెండు వాక్యాల తర్వాత గొంతు పెగల్లేదు, హెడ్‌మాస్టర్ గారు పూర్తి చేశారు. అక్కడే కొలంబియా కిటికీల చట్రాలు పెట్టారు, అద్దాలు లేకుండా.

టూర్ వ్యాన్ వాడు మాత్రం బుకింగ్‌లో ఐదింటికని రాసి, నాలుగింటికే హారన్ కొట్టాడు. రాకెట్ గార్డెన్ వ్యాన్ కిటికీలోంచి చూసిందే. బాబాయ్ గారు అడగమన్నారు, నేను అడగలేదు. రాసింది నమ్మాను.

డిస్నీ ఒక్కరోజే. స్పేస్ మౌంటెన్ రోలర్ కోస్టర్ ఎక్కా! ఎక్కొద్దన్న బోర్డు చదివే ఎక్కా, నర్సమ్మ గారు తిట్టొద్దు. గంటకి 45 కిలోమీటర్లు కూడా ఉండదు ఆ వేగం. చీకట్లో పట్టాలు కనపడవు కాబట్టి రెట్టింపు అనిపిస్తుంది. పైగా సీట్లు ఒకదాని వెనక ఒకటి, పక్కన ఎవరూ కూర్చోరు. ఒంటరివాళ్ల కోసమే చేసినట్టుంది. గట్టిగా అరిచా. 61 ఏళ్లలో అలా అరవలేదు.

లాంచ్ సంగతి. మూడో రోజు రాత్రి ఫాల్కన్ 9 రాకెట్ లేస్తుందన్నారు. టైటస్‌విల్ వెళ్లే ధైర్యం లేక హోటల్ పార్కింగ్‌లోకొచ్చి తూర్పుకి తిరిగి నిలబడ్డా. సూళ్లూరుపేటలో మా స్కూలు గ్రౌండ్‌లో కూడా ఇంతే. వెలుగు కనపడగానే పిల్లల చేత సెకన్లు లెక్కపెట్టించేదాన్ని, నిమిషానికి అటూ ఇటూగా చప్పుడు వచ్చేది. దూరం ఎంతో వాళ్లే గుణించి చెప్పేవాళ్లు. ఇక్కడ చెట్ల పైనుంచి నారింజ రంగు చుక్క లేచింది. దూరం 85 కిలోమీటర్లు వేసుకుంటే 250 సెకన్లు పట్టాలి. అంత దూరం చప్పుడు రాదని తెలుసు. అయినా లెక్కపెట్టా. చెత్త సంచులు తెచ్చిన హోటల్ అబ్బాయి పక్కనే ఆగి ఏం చేస్తున్నారని అడిగాడు. చెప్పా. ఇద్దరం కలిసి 250 దాకా లెక్కపెట్టాం. ఏసీ మోత తప్ప ఏమీ వినపడలేదు. "రేపు ఇంకోటి ఉందేమో చూడండి" అని సంచులు ఎత్తుకుని వెళ్లిపోయాడు.

కరీంనగర్ పోరడు:
ఆంటీ, నిజం చెప్పుండ్రి, ఆరెంజ్ ఎక్కిన్రా?

సూళ్లూరుపేట టీచర్:
ఎప్‌కాట్ వచ్చేసారికి. మా అబ్బాయికి లీవు దొరికినా దొరక్కపోయినా.