మొదటిసారి ఘాట్ రోడ్డు ప్రయాణం: మీ అనుభవాలు చెప్పండి

వానచినుకు:
అందరికీ నమస్కారం. పదేళ్లుగా కారు నడుపుతున్నాను కానీ అదంతా చదునైన రహదారుల మీదే. వచ్చే నెలలో అరవై ఎనిమిదేళ్ల మా అమ్మతో, తొమ్మిదేళ్ల మా పాపతో కలిసి ఏడు రోజులు కొండ ప్రాంతంలో తిరగాలనుకుంటున్నాను. నాలుగు విషయాలు తెలియాలి. రోజుకు ఎన్ని కిలోమీటర్లు పెట్టుకోవాలి? ఘాట్ దిగేటప్పుడు బ్రేకును, గేరును ఎలా వాడాలి? మలుపుల్లో పాపకు వాంతులు కాకుండా ఏం చేయాలి? మా దారిలో ఒక కనుమ 3,000 మీటర్ల ఎత్తు దాటుతుంది, రాత్రి బస కూడా అక్కడికి దగ్గరలోనే. అమ్మకు ఇబ్బంది అవుతుందా? మీకు ఎదురైన సంగతులు చెబితే మేలు చేసినవారవుతారు.

దూరతీరం:
మీ మొదటి ప్రశ్నకే జవాబు చెబుతాను, ఎందుకంటే నేను దెబ్బతిన్నది అక్కడే. ఐస్‌లాండ్‌ను చుట్టివచ్చే ఒకటో నంబరు రహదారి సుమారు 1,300 కి.మీ. ఉంటుంది. రోజుకు మూడు వందల పైచిలుకు వేసుకుంటే నాలుగు రోజుల్లో అయిపోతుందని మ్యాపు ముందు కూర్చుని లెక్క కట్టాను. లెక్క ప్రకారమే అయిపోయింది. కానీ ఇప్పుడు కళ్లు మూసుకుంటే నాకు కనిపించేది రోడ్డు మధ్య తెల్ల గీత ఒక్కటే. యోకుల్సార్లోన్ సరస్సు దగ్గర ఇరవై నిమిషాలు ఆగాము. నీలంగా మెరుస్తున్న మంచుగడ్డ ఒకటి నీటిలో నెమ్మదిగా ఒరిగి, అడుగు భాగం పైకి తేలి బోర్లా పడుతుంటే, మా ఆవిడ నా భుజం పట్టి కుదిపే దాకా నేను గడియారం చూసుకుంటూ ఉన్నాను. ఆ బాధ ఇప్పటికీ పోలేదు. తర్వాత మళ్లీ వెళ్లి, దక్షిణ తీరం ఒక్కదానికే ఆరు రోజులు కేటాయించాను. కొండల్లో అయితే మ్యాపు చూపిన సమయాన్ని రెట్టింపు చేసుకోండి, రోజుకు 150 కి.మీ. దాటనివ్వకండి.

కొండగాలి:
పెద్దవారు, చిన్నపిల్ల ఉన్నారు కాబట్టి 150 కూడా ఎక్కువే. అయితే ఇక్కడ ప్రాణం మీదికి వచ్చేది రెండో ప్రశ్న. ఆస్ట్రియాలో గ్రాస్‌గ్లాక్నర్ దారి ఉంది, 1935లో తెరిచారు, 48 కి.మీ. పొడవున 36 హెయిర్‌పిన్ మలుపులు, అంటే దారి పూర్తిగా వెనక్కి తిరిగే మలుపులు, ఉంటాయి. ఎక్కేటప్పుడు ఏ ఇబ్బందీ లేదు. 2,504 మీటర్ల ఎత్తున ఉన్న హోఖ్‌టోర్ కనుమ నుంచి దిగడం మొదలుపెట్టాక, ముందు వెళ్తున్న కారును చూసుకుంటూ పాదం బ్రేకు మీదే ఉంచేశాను. పావుగంటకు కాలిన వాసన వచ్చింది, అది ముందు కారుదనే అనుకున్నాను. తర్వాతి మలుపు దగ్గర తొక్కితే పెడల్ మెత్తగా, తడి గుడ్డ మీద కాలు వేసినట్టుగా, సగం దాకా దిగిపోయింది. గబగబా రెండుసార్లు తొక్కి, రెండో గేరులోకి దించి, కొండవైపు ఖాళీ స్థలంలోకి ఎలాగో చేర్చాను. ముందు చక్రాల నుంచి పొగ వస్తోంది. వెనక సీట్లో ఎవరూ మాట్లాడలేదు. అరగంట దాకా నా చేతులు వణుకుతూనే ఉన్నాయి. అందుకే చెబుతున్నాను, ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగండి, అవసరమైతే ఒకటి తగ్గించండి.

నాలుగోగేరు:
అనవసరంగా భయపెడుతున్నారు. నేను ఇరవై రెండేళ్లుగా కొండదారుల్లో బండి నడుపుతున్నాను. ఇటలీలోని స్టెల్వియో కనుమను, అంటే ఒక్క వైపే 48 హెయిర్‌పిన్ మలుపులున్న దారిని, మూడుసార్లు ఎక్కి దిగాను. బ్రేకులు ఉన్నది ఆపడానికే. ప్యాడ్లు అరిగితే మార్చుకుంటాం, ఇంజిన్‌కో గేరుబాక్సుకో దెబ్బ తగిలితే ఏం చేస్తాం? వాలు తక్కువగా, దారి నేరుగా ఉన్న చోట న్యూట్రల్‌లో వదిలేస్తాను, పెట్రోలు కూడా మిగులుతుంది. చెయ్యి తిరిగినవారికి ఇవన్నీ తెలిసిన విషయాలే.

ఇరుసు:
నాలుగోగేరు గారూ, నేను బండ్లు విప్పి బిగించే పనిలో ఉన్నాను కాబట్టి ఊరుకోలేకపోతున్నాను. ఇప్పటి ఇంజెక్షన్ ఇంజిన్లలో, గేరులో ఉంచి యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసేస్తే, చక్రాలే ఇంజిన్‌ను తిప్పుతాయి, ఇంధనం దాదాపు పూర్తిగా ఆగిపోతుంది. న్యూట్రల్‌లో వేస్తే ఇంజిన్ ఆగిపోకుండా ఉండటానికి అది పెట్రోలు తాగుతూనే ఉంటుంది. మిగులుతుందని మీరు అనుకుంటున్న చోటే మీకు ఖర్చవుతోంది.

కొండగాలి గారి పెడల్ ఎందుకు మెత్తబడిందో కూడా చెప్పాలి. బ్రేకు ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకానికి కొత్తగా ఉన్నప్పుడు మరిగే స్థానం కనీసం 205 డిగ్రీలు ఉండాలి, తేమ పట్టాక అది 140కి పడిపోవచ్చు. డాట్ 4 అయితే 230 నుంచి 155కి. ఎడతెగకుండా తొక్కిన బ్రేకు వేడికి ద్రవం మరిగి ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవం నలగదు కానీ ఆవిరి నలిగిపోతుంది, అందువల్ల మీ పాదం బలం చక్రం దాకా చేరదు. రెండేళ్లుగా ద్రవం మార్చని బండితో ఘాట్ ఎక్కవద్దు.

నాలుగోగేరు:
పుస్తకంలో అంకెలు ఎవరైనా చెబుతారు. ఇరవై రెండేళ్లలో నా బండికి ఒక్కసారి కూడా పెడల్ మెత్తబడలేదు. మీరు ఎన్ని కనుమలు దాటారో ముందు చెప్పండి.

కొండగాలి:
మీకు జరగలేదంటే సంతోషం, కానీ మొదటిసారి కొండ దిగబోతున్న ఒక మనిషికి, అది కూడా వెనక సీట్లో తల్లిని, బిడ్డను కూర్చోబెట్టుకుని వెళ్లే మనిషికి, న్యూట్రల్‌లో వదిలేయమని రాయడం ఏ రకమైన సలహా? అమెరికాలో పైక్స్ పీక్ కొండ దిగే ప్రతి బండినీ సగం దారిలో ఆపి, సిబ్బంది బ్రేకుల వేడి కొలుస్తారు, ఎక్కువగా ఉంటే చల్లారే దాకా పక్కన నిలబెడతారు. వారికి పని లేక చేస్తున్నారా? దయచేసి మీ వ్యాఖ్యను సవరించండి.

నాలుగోగేరు:
నేను వానచినుకు గారిని న్యూట్రల్‌లో దిగమనలేదు, నేను చేసేది చెప్పాను. మాటను వక్రీకరించకండి.

ఇరుసు:
దాటిన కనుమలు లెక్కపెట్టలేదు. కొండ దిగి వచ్చాక నా దగ్గరికి చేరిన బండ్లను మాత్రం చూశాను. డిస్కు నీలిరంగుకు తిరిగి, ప్యాడు పైపొర గాజులా మెరుస్తూ, గోరు పెడితే జారిపోతుంది. ఆ మెరుపు వచ్చిన ప్యాడు మళ్లీ పట్టదు, మందం ఎంత మిగిలినా మార్చాల్సిందే. ఇంకొక మాట: ఇంధనం ఆదా అని కొందరు ఇంజిన్‌నే ఆపేసి దిగుతారు. మన తొక్కుడుకు బలం చేర్చే బ్రేకు బూస్టర్‌లో మిగిలిన వాక్యూమ్ రెండు మూడు తొక్కుళ్లకే అయిపోతుంది, ఆ తర్వాత పెడల్ రాయిలా బిగిసిపోతుంది. నాకు ఎవరితోనూ పోటీ లేదు, చదివేవారిలో ఒక్కరైనా అలా చేయకుండా ఉంటే చాలు.

పచ్చికబయలు:
మీ వాదనలో కొంచెం చోటిస్తే ఒక సందేహం. ఎలక్ట్రిక్ కారు కాలు తీయగానే దానంతట అదే నెమ్మదిస్తుంది కదా, దానికి ఈ గొడవ ఉండదని విన్నాను. నిజమేనా?

ఇరుసు:
చాలా వరకు నిజమే, ఒక్క మినహాయింపుతో. దిగేటప్పుడు మోటారు పుట్టించే విద్యుత్తు బ్యాటరీలోకి వెళ్లాలి. కొండ మీద బస చేసి రాత్రంతా నిండుగా చార్జింగు పెట్టుకుని పొద్దున్నే దిగితే, బ్యాటరీలో చోటు ఉండదు, కారును నెమ్మదింపజేసే ఆ మోటారు నిరోధం తగ్గిపోతుంది, భారమంతా మామూలు బ్రేకుల మీద పడుతుంది. పైన చార్జింగు పెట్టేటప్పుడు కొంత ఖాళీ ఉంచుకోండి. ఆటోమేటిక్ గేరు ఉన్న పెట్రోలు బండ్లలో అయితే ఇంజిన్ నిరోధం కోసం ఎల్ గానీ బి గానీ మాన్యువల్ స్థానం గానీ ఉంటుంది, మామూలుగా నడిపే డి లోనే వదిలి దిగవద్దు.

వెన్నెలవాగు:
పాప గురించి ఎవరూ పట్టించుకోలేదు కాబట్టి నేను రాస్తున్నాను. నా ఇద్దరు పిల్లలూ ప్రతి మలుపులో వాంతి చేసుకునేవారు. మాత్రలు, నిమ్మకాయ వాసన, ఖాళీ కడుపు, అన్నీ ప్రయత్నించాము. చివరికి తెలిసిందేమిటంటే, లోపలి చెవికి కదలిక తెలుస్తుంది, ఒళ్లో ఉన్న ఫోన్ చూస్తున్న కళ్లకు తెలియదు, ఆ రెండింటికీ పొత్తు కుదరకనే కడుపు తిప్పుతుంది. ఫోను, పుస్తకం తీసేసి, ముందు రోడ్డు కనిపించేలా వెనక సీటు మధ్యలో కూర్చోబెట్టి, దూరంగా కొండ అంచును చూడమని చెప్పాము. సగం తగ్గింది. మిగిలిన సగం మావారి పాదంతో పోయింది. ఆయన మలుపు దాకా వేగంగా వచ్చి, అక్కడ గట్టిగా బ్రేకు వేసి, మళ్లీ ఒక్కసారిగా వేగం పెంచేవారు. మలుపుకు ముందే గేరు తగ్గించి, ఒకే వేగంతో తిప్పడం అలవాటు చేసుకున్నాక, పెద్దవాడు దారి పొడవునా నిద్రపోయాడు. పాత ప్రయాణాల్లో నేను పిల్లలనే తిట్టాను, అది తలచుకుంటే ఇప్పటికీ మనసు నొచ్చుకుంటుంది.

చిత్రకారుడు:
ఇంతమంది రాశారు, చూడాల్సిన చోట్ల గురించి మాత్రం ఎవరూ రాయలేదు. న్యూజిలాండ్‌లో తె అనావు నుంచి మిల్‌ఫర్డ్ సౌండ్ దాకా సుమారు 120 కి.మీ. దారి ఉంది. పొద్దున్నే బయలుదేరితే లోయలో మంచు ఇంకా విడిపోకముందే చేరుకుంటారు. హోమర్ సొరంగం, 1954లో తెరిచినది, సుమారు 1.2 కి.మీ. ఉంటుంది, రాతిని తొలిచినట్టే గరుకుగా వదిలేశారు. అవతల నుంచి బయటపడగానే వాన పడిన రోజైతే గోడల్లాంటి కొండల మీద నుంచి లెక్కలేనన్ని జలపాతాలు ఒకేసారి కనిపిస్తాయి. వాన పడుతోందని ప్రయాణం మానుకోవద్దని చెప్పడానికే ఇది రాస్తున్నాను. సొరంగం దగ్గర కీయా అనే కొండ చిలుకలు కారు మీద వాలి కిటికీల చుట్టూ ఉన్న రబ్బరును ముక్కుతో పీకుతాయి, తిండి పెట్టి వాటికి మనుషులను అలవాటు చేయకండి. మంచు చరియలు పడే భాగంలో ఆగవద్దని బోర్డులు ఉన్న చోట, ఎంత అందంగా ఉన్నా ఆగవద్దు. ఐస్‌లాండ్‌లో నాకు దొరికిన మంచి ఫోటో ఒకటి రోడ్డు దిగి, నాచు మీదుగా వంద మీటర్లు కారు తీసుకెళ్లి తీసినది.

దూరతీరం:
చివరి వాక్యం చదివి చాలా బాధ కలిగింది. ఆ దేశంలో రోడ్డు దిగి నేల మీద బండి నడపడం చట్టవిరుద్ధం. చల్లటి నేల మీద ఆ నాచు ఎంత నిదానంగా పెరుగుతుందంటే, మీ చక్రాల జాడ మానడానికి దశాబ్దాలు పట్టవచ్చు. లావా మీద మెత్తటి పరుపులా పరచుకున్న ఆ ఆకుపచ్చలో రెండు గోధుమరంగు చారలను నేను కళ్లారా చూశాను. ఎవరో ఒక ఫోటో కోసం చేసిన పని అది. అందాన్ని ప్రేమించేవారే దాన్ని తొక్కేస్తే ఎలా?

చిత్రకారుడు:
అప్పుడు నాకు తెలియదు. చాలా ఏళ్ల కిందటి సంగతి. తెలిశాక ఆ ఫోటోను ఎక్కడా పెట్టలేదు. తప్పు తప్పే, ఒప్పుకుంటున్నాను.

మేఘమార్గం:
అమ్మగారి విషయం దాదాపు మరుగున పడిపోయింది, నాకు అదే ముఖ్యంగా తోచింది. మనాలి నుంచి లేహ్ వెళ్లేటప్పుడు మా నాన్నగారిని సుమారు 2,000 మీటర్ల నుంచి ఒక్క రోజులో సర్చు అనే మజిలీ దాకా, అంటే దాదాపు 4,300 మీటర్లకు తీసుకెళ్లి అక్కడే పడుకోబెట్టాము. రాత్రి పది గంటలకు తలనొప్పి అన్నారు. పన్నెండింటికి అన్నం ముట్టనన్నారు, రెండింటికి మాట తడబడింది. ఆ చీకట్లో కిందికి దిగడానికి కూడా ధైర్యం చాలక, దిగకపోతే ఏమవుతుందో తెలియక గడిపిన ఆ గంట నేను మరచిపోలేను. చివరికి వచ్చిన దారినే వెనక్కి కనుమ దాటి దిగాము, దిగిన కొద్దీ ఆయన తేరుకున్నారు. కనుమ దాటి వెంటనే కిందికి వెళ్లిపోతే సాధారణంగా పెద్ద ఇబ్బంది ఉండదు, అసలు విషయం రాత్రి నిద్రపోయే ఎత్తు. 3,000 మీటర్లు దాటాక నిద్రపోయే ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచవద్దని చెబుతారు. మీ బసను కనుమ దగ్గర కాకుండా కింద ఊళ్లో పెట్టుకోండి. బయలుదేరే ముందు అమ్మగారికి బీపీ, గుండె చూపించుకోండి. తలనొప్పితో పాటు వికారం గానీ తూలడం గానీ కనిపిస్తే పొద్దుటి దాకా వేచి ఉండకండి, దిగిపోండి.

నాలుగోగేరు:
మేఘమార్గం గారు చెప్పినది అక్షరాలా నిజం. నాకు కూడా అదే దారిలోని తంగ్లంగ్ లా కనుమ దగ్గర, 5,328 మీటర్ల ఎత్తున, కారు దిగి పది అడుగులు వేగంగా వేస్తే కళ్లు తిరిగాయి. ఆ ఎత్తున గాలి ఒత్తిడి సముద్ర మట్టంతో పోలిస్తే సగానికి దగ్గరగా పడిపోతుంది. న్యూట్రల్ గురించి నేను రాసిన వాక్యం మొదటిసారి వెళ్లేవారికి పనికిరాదు, అది తీసేయమని నిర్వాహకులను కోరాను. ప్యాడ్ల గురించి మాత్రం నా మాట నాదే.

వానచినుకు:
అందరికీ కృతజ్ఞతలు. బసను కింద ఊరికి మార్చేశాను, ఏడు రోజుల్లో రెండు రోజులు ఎక్కడికీ కదలకుండా ఉంచుకున్నాను. నిన్న బ్రేకు ద్రవం తీయించి చూస్తే టీ డికాక్షన్ రంగులో ఉంది, మార్పించాను. అడగడం మరచిన విషయం ఒకటుంది. పొగమంచు కమ్మితే పెద్ద లైటు వేయాలా?

కొండగాలి:
వద్దు. పెద్ద లైటు వేస్తే వెలుగు మంచు మీద పడి తిరిగి మీ కళ్లలోకే వస్తుంది. కింది లైటు, ఫాగ్ లైట్లు ఉంటే అవి వేసి, మీ వైపు రోడ్డు అంచు గీతను చూసుకుంటూ వెళ్లండి. మలుపుకు ముందు హారన్ కొట్టండి. ఏమీ కనిపించకపోతే రోడ్డు మీద ఆగకుండా, పూర్తిగా పక్కకు దిగే చోటు దొరికాకే ఆగండి.

వెన్నెలవాగు:
తిరిగి వచ్చాక పాప నిద్రపోయిందో లేదో తప్పకుండా రాయండి.