ఆఫ్రికా నత్తలు: గుళికల మందు లేకుండా దారి ఉందా?

నమస్కారం. మాది విశాఖ దగ్గర ఆనందపురం వైపు. వానలు పడ్డప్పటి నుంచి బెండ, బంతి మడుల్లో ఆఫ్రికా నత్తలు రాత్రిపూట లేత మొక్కల్ని మొదలంటా తినేస్తున్నాయి. 1847లో కలకత్తాకి తెచ్చిన జీవి, ఇప్పుడు మా గట్ల మీదే కాపురం పెట్టింది. ఎదిగిన నత్త ఒక్క విడతలోనే వందకు పైగా గుడ్లు మట్టిలో పెడుతుంది, అదే టెన్షన్.

సాయంత్రం తడి గోనెసంచుల కింద బొప్పాయి ఆకులు వేసి, పొద్దున్నే ఏరి బకెట్‌లో ఉప్పునీళ్లలో వేస్తున్నాం. (ఉత్త చేతులతో ముట్టుకోకండి, మెదడుకు జబ్బు తెచ్చే పురుగు వీటిలో ఉండొచ్చు.) నత్తల్ని చంపే మెటాల్డిహైడ్ మందు గుళికలు చల్లమంటున్నారు, కానీ కుక్క తింటే దాని ప్రాణానికే ముప్పు. మాకు కుక్క ఉంది. మడి చుట్టూ సున్నం చల్లితే వానకి నిలుస్తుందా? పక్క పొలాలవాళ్లు ఏరకపోతే మా కష్టం వృథా. ఊరంతా కలిసి ఏరించినవాళ్లుంటే, ఎలా ఒప్పించారో దయచేసి చెప్పండి.