మీ ఇంట్లో బీపీ బిళ్ళ ఎందుకు మానేశారు? (చర్చ)

ఖమ్మం_ఆడబిడ్డ:
మా అమ్మకు 58. నిరుడు ఆశా అక్క ఇంటికొచ్చి చూస్తే బీపీ 170/100. సబ్‌సెంటర్‌లో అమ్లోడిపిన్ 5 ఎంజీ బీపీ బిళ్ళలు ఫ్రీగానే ఇచ్చిన్రు. మొన్న సంక్రాంతికి పోతే పోపుల డబ్బా వెనక మూడు షీట్లు కనబడ్డయి. ఒక్క బిళ్ళ చింపలేదు. "నొప్పి లేదు, తల తిరుగుతలేదు, ఎందుకు మింగాలె?" అన్నది. గట్టిగ అరిచిన, ఏడ్చింది. మీ ఇండ్లల్ల ఎందుకు మానేసిన్రు? ఏం చేస్తే మళ్ళ మొదలుపెట్టిన్రు?

మందుల_కొట్టు:
మా కొట్టులో షీటు అడిగేవాళ్ళకన్నా "రెండు కత్తిరించి ఇవ్వు" అనేవాళ్ళే ఎక్కువండీ. తల బరువెక్కిన రోజే బీపీ ఉన్నట్టు వాళ్ళ లెక్క.

నెల్లూరు_నుంచి:
మానేసినవాణ్ణి నేనే. అదే మాత్ర. రెండో నెలకి సాయంత్రమయ్యేసరికి చీలమండలు వాచేవి, సాక్సు తీస్తే గాడి పడి ఉండేది. కిడ్నీలు పోయాయనుకున్నా. చెబితే డాక్టరుగారు కోప్పడతారని నాలుగు నెలలు అటే పోలేదు, మాత్రా వేసుకోలేదు. చివరికి చెబితే, దీనితో కొందరికి అలా వాస్తుందని టెల్మిసార్టన్‌కి మార్చారు. వాపు పోయింది. ఒక్క మాటతో తేలేదానికి అన్నాళ్ళు 160 మోశాను.

విశాఖ_అమ్మాయి:
మా నాన్నగారికి ఓసారి 128/80 వచ్చింది. "తగ్గిపోయింది కదమ్మా" అని ఆపేశారు. మాకూ నిజమే అనిపించింది. మాత్ర వేసుకుంటున్నారు కాబట్టే ఆ అంకె వచ్చిందని మాకెవరూ చెప్పలేదు. ఏడో నెలలో ఎడమ చెయ్యి పడిపోయింది. ఇప్పుడు చొక్కా గుండీలు నేనే పెడతాను. అక్కా, అరవకండి, కానీ వదలకండి.

డల్లాస్_కోడలు:
మా అత్తగారికి రామిప్రిల్ అనే బీపీ మందుతో పొడి దగ్గు. రాత్రుళ్ళు నిద్ర లేక ఆవిడే ఆపేశారు. మందు మార్చాక దగ్గు పోయింది, ఇప్పుడు మానట్లేదు.

ఖమ్మం_ఆడబిడ్డ:
నిన్న ఫోన్ చేసి మెల్లగ అడిగిన. సంగతి వేరే ఉన్నది. మిరపకాయ ఏరబోను ఆటో పొద్దుగాల ఐదున్నరకే వస్తది, తినకుండ పోతది. పరగడుపున బిళ్ళ మింగితే కడుపుల పుండు పడతదని పక్కింటామె చెప్పిందట. ఏఎన్ఎం మేడమ్‌ను అడిగితే, ఈ బిళ్ళకు తిండితో పనిలేదు, రోజూ ఒకే యాళ్లకు వేస్తే చాలు, పొద్దున కుదరకపోతే రాత్రి వేసుకోమను అన్నది. నేనేమో నిర్లక్ష్యం అనుకొని తిట్టిన.

నెల్లూరు_నుంచి:
మంచిది అక్కా. కాళ్ళు వాస్తే తనంతట తను ఆపకుండా ఆ మేడమ్‌కే చెప్పమనండి. పొద్దంతా వంగి పనిచేసేవాళ్ళు ఆ వాపుని అలసటే అనుకుంటారు.