ముసలి కుక్కకి రోజూ నొప్పి మందు: వేయాలా, వద్దా?

బుజ్జిగాడి_అమ్మ (విజయవాడ):
మా బుజ్జిగాడికి పదకొండేళ్లు నిండాయి. లాబ్రడార్, 38 కిలోలు. రెండు నెలలుగా పొద్దున్నే లేవలేకపోతున్నాడు. ముందుకాళ్లు చాపుతాడు, ఛాతీ ఎత్తుతాడు, వెనక కాళ్ల దగ్గరికొచ్చేసరికి ఆగిపోతాడు. గ్రానైట్ మీద గోళ్లు జారే చప్పుడు పడగ్గదిలోకి వినిపిస్తుంది. ఈమధ్య నాకు మెలకువ వచ్చేది ఆ చప్పుడుకే. ఎక్స్‌రే తీసి, తుంటి కీళ్లు అరిగాయన్నారు. డాక్టర్ గారు మెలాక్సికామ్ అనే నొప్పి మందు రాసి రోజూ వేయమన్నారు. మావారు వేద్దామంటారు. మా అత్తగారేమో "ఆ మందులకి కిడ్నీలు పోతాయి, పెద్దవాడైపోయాడు, వాడి మానాన వాణ్ణి పడుకోనివ్వండి" అంటారు. వారం నుంచి సీసా మూత తీయలేదు. మీ అనుభవం చెప్పండి.

శ్రీను_హనుమకొండ:
వేయకండి అక్కా. మా టామీ కుంటుతున్నాడని, మా నాన్న మోకాళ్లకు వాడే డైక్లోఫెనాక్ మాత్ర సగం చేసి పెరుగన్నంలో కలిపి పెట్టాను. షాపులో అడిగితే పర్లేదన్నారు. నాలుగో రోజుకి తారులా నల్లటి విరేచనం, అన్నం ముట్టలేదు. వారం తిరక్కుండానే పోయాడు. నా చేత్తో నేనే పెట్టాను. నొప్పి ఉన్నా బతికుండేవాడు కదా అని ఇప్పటికీ అనిపిస్తుంది.

వెట్_ఫైనల్_ఇయర్:
శ్రీను గారూ, మీ బాధ అర్థమైంది. కానీ టామీకి వేసిన మందు వేరు, బుజ్జిగాడికి రాసింది వేరు. డైక్లోఫెనాక్ కుక్కల పొట్టలో పుండ్లు చేసి రక్తం కారుస్తుంది. పశువులకు వాడే డైక్లోఫెనాక్‌ని మన దేశంలో 2006లోనే నిషేధించారు. అది రాబందుల కోసం, ఆ మందు వేసిన పశువుల కళేబరాలు తిని అవి చనిపోయేవి. షాపులో మీకు దొరికింది మనుషుల మాత్ర.

మెలాక్సికామ్‌ని కుక్కలకు బరువు చూసి లెక్కకడతారు. మొదటి రోజు కిలోకి 0.2 మి.గ్రా., తర్వాత రోజూ 0.1. అంటే బుజ్జిగాడికి రోజుకి 3.8 మి.గ్రా. మనుషుల 15 మి.గ్రా. మాత్ర ఒకటి వేస్తే దాదాపు నాలుగింతలు పడినట్టు. అందుకే డాక్టర్ రాసిన సీసా, దాంతో ఇచ్చిన కొలత సిరంజి మాత్రమే వాడాలి.

శ్రీను_హనుమకొండ:
లెక్క సరే మేడమ్. వయసులో ఉన్నదానికైతే నేనూ ఒప్పుకుంటా. పదకొండేళ్లవాడికి నెలల తరబడి వేస్తే? కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టు కాదా?

వెట్_ఫైనల్_ఇయర్:
భయపడాల్సిన విషయమే, కాదనను. ఈ మందులు నొప్పిని తగ్గించేది ఒంట్లో తయారయ్యే రసాయనాలైన ప్రోస్టాగ్లాండిన్‌లను ఆపి. పొట్ట గోడను కాపాడేవీ, కిడ్నీకి రక్తం అందేలా చూసేవీ అవే. వాంతులై ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు అదే మందు కిడ్నీని దెబ్బతీస్తుంది. కాబట్టి మొదలుపెట్టే ముందు క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పేది), లివర్ పరీక్షలు చేయించాలి. కొన్ని వారాలకి మళ్లీ, ఆ తర్వాత డాక్టర్ చెప్పినప్పుడల్లా. దీనితోపాటు స్టెరాయిడ్ అస్సలు వేయకూడదు. తిండి మానినా, వాంతులైనా, మలం నల్లగా వచ్చినా ఆ పూటే ఆపి ఫోన్ చేయాలి.

ఇక "పడుకోనివ్వండి" అన్న మాట. నొప్పితో ఉన్న కుక్క చాలాసార్లు అరవదు. పడుకునే ఉంటుంది, మనం ప్రశాంతంగా ఉందనుకుంటాం. కదలకపోతే తొడ కండ కరుగుతుంది, కండ కరిగితే బరువంతా ఆ అరిగిన కీలు మీదే పడుతుంది. అక్కా, వాడి వెనక తొడల్ని రెండు చేతులతో పట్టి చూడండి. ఒకవైపు సన్నబడి ఉంటే అది చాలావరకు నొప్పి చేసిన పనే.

గోదారి_గట్టు:
మేం పసుపు, కీళ్లకని అమ్మే గ్లూకోసమైన్‌తో రెండేళ్లు నెట్టుకొచ్చాం. మందు అవసరం రాలేదు.

వెట్_ఫైనల్_ఇయర్:
గ్లూకోసమైన్ మీద జరిగిన పరిశోధనలన్నీ కలిపి చూసి 2022లో ఒక సమీక్ష వచ్చింది, నొప్పి తగ్గుతుందనడానికి అందులో ఆధారం దొరకలేదు. చేప నూనెలోని ఒమేగా-3 కొంత నయం. ఆ డబ్బు ముందు బరువు తగ్గించడం మీద పెట్టండి. 38 కిలోలు లాబ్రడార్‌కి ఎక్కువే. ఒంటి బరువులో 6 శాతం తగ్గినా కుంటడం తగ్గిందని తేలింది, అంటే వాడికి రెండు కిలోల పైచిలుకు. అమెరికాలో 48 లాబ్రడార్లను పిల్లలుగా ఉన్నప్పటి నుంచి చూశారు. పావు వంతు తక్కువ తిన్నవి దాదాపు రెండేళ్లు ఎక్కువ బతికాయి, వాటికి కీళ్ల మందులు అవసరమైంది కూడా చాలా ఆలస్యంగానే.

డాలస్_తెలుగబ్బాయి:
ఇక్కడ మా వాడికి కీళ్ల నొప్పికి నెలకొక లిబ్రెలా ఇంజెక్షన్ వేయిస్తున్నాం. 2023లో ఇక్కడ అనుమతి వచ్చింది. మావాడు బాగా నడుస్తున్నాడు. కానీ కొన్ని కుక్కలకి తూలడం, ఫిట్స్ వచ్చాయని రిపోర్టులు రావడంతో 2024 డిసెంబర్‌లో ఎఫ్‌డీఏ (ఇక్కడి మందుల నియంత్రణ సంస్థ) పశువైద్యులకు లేఖ రాసింది. భయం లేని మందంటూ ఏదీ లేదండీ, కనిపెట్టుకుని ఉండాలంతే.

బుజ్జిగాడి_అమ్మ (మూడు వారాల తర్వాత):
తొడ పట్టి చూశాను. ఎడమది చేతిలో సన్నగా తెలిసిపోయింది. మా అత్తగారి చేయి పట్టుకెళ్లి అక్కడ పెట్టాను. ఆవిడ చాలాసేపు తీయలేదు. రక్త పరీక్ష చేయిస్తే క్రియాటినిన్ మామూలుగానే ఉంది, మర్నాడే మందు మొదలుపెట్టాం. గేటు నుంచి వంటింటి దాకా కొబ్బరి పీచు పట్టాలు పరిచాం. టీ పూట బిస్కెట్లు బంద్, అన్నం సగం చేసి ఉడికించిన గుమ్మడికాయ కలుపుతున్నాం. తొమ్మిదో రోజు నేను చపాతీలు కాలుస్తుంటే వెనక నుంచి వచ్చి మోకాలికి ముక్కు ఆనించాడు. వంటింట్లోకి వాడు రాక నెల పైనే అయింది.

శ్రీను_హనుమకొండ:
సంతోషం అక్కా. నీళ్లు బాగా తాగుతున్నాడా? మలం రంగు రోజూ చూస్తున్నారా?

బుజ్జిగాడి_అమ్మ:
రోజూ చూస్తున్నా తమ్ముడూ, నువ్వు చెప్పిన దగ్గర్నుంచి. ఎండలని నీళ్ల గిన్నెలు మూడు చోట్ల పెట్టాం. రెండో రక్త పరీక్ష సోమవారం, రిపోర్ట్ రాగానే ఇక్కడే పెడతాను.