స్పిట్‌ఫైర్ నమూనా పరుగులోనే ఎడమకు తిరుగుతోంది

ప్రశ్న: శిక్షణ విమానంతో చేయి కుదిరాక రెండో ప్రపంచ యుద్ధకాలపు బ్రిటిష్ యుద్ధవిమానమైన స్పిట్‌ఫైర్‌కు ఫోమ్‌తో చేసిన, రిమోట్‌తో ఎగిరే నమూనాను కొన్నాను. థ్రాటిల్ (మోటారు వేగం పెంచే మీట) పెంచగానే అది ఎడమకు తిరిగి, ముక్కు నేలకు గుద్దుకుని ప్రొపెల్లర్ విరుగుతోంది. కారణం చెప్పగలరా?

జవాబు: వెనుక నుంచి చూస్తే ప్రొపెల్లర్ సవ్యదిశలో తిరుగుతుంది కనుక విమానం ఎడమకు లాగుతుంది, పైగా అసలు స్పిట్‌ఫైర్‌కు మల్లే నమూనాకూ చక్రాల మధ్య ఎడం తక్కువ. థ్రాటిల్‌ను నెమ్మదిగా పెంచుతూ, రడ్డర్‌ను (తోకపై నిలువుగా ఉండే చుక్కానిని) కుడికి తిప్పుతూ, తోక లేవకుండా పరుగు మొదట్లో ఎలివేటర్ (ముక్కును పైకీ కిందికీ తిప్పే తోక పలక) మీటను కొద్దిగా వెనక్కి పట్టండి.

మరొకరు: నిజమే. గ్రిఫాన్ ఇంజిన్ గల అసలు స్పిట్‌ఫైర్లు మాత్రం, ప్రొపెల్లర్ ఎదురు దిశలో తిరగడం వల్ల, కుడికి లాగేవి. గడ్డి ఎత్తుగా ఉంటే ఏ మెలకువా పనిచేయదు లెండి.

ప్రశ్నించినవారు: ముక్కు గుద్దుకోకుండా బ్యాటరీని వెనక్కి జరపవచ్చా?

జవాబు: వద్దండి. గురుత్వ కేంద్రం వెనక్కి పోతే విమానం గాలిలో అదుపు తప్పుతుంది.